ఇటా, అటా? వెల్డింగ్ గుర్తు ఎవరి కోసం గీస్తున్నాం?

జీడిమెట్లలో నేను పనిలో చేరిన ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక పెద్దాయన ఫిట్టర్‌గా ఉండేవారు. అందరం మేస్త్రీ అనే పిలిచేవాళ్లం. కొత్త డ్రాయింగ్ చేతికి రాగానే దాన్ని బెంచీ మీద పరిచి, ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు నట్లు పెట్టి, ఓ పావుగంట మాటా పలుకూ లేకుండా చూసేవారు. తర్వాత జేబులోంచి చాక్‌పీసు తీసి, ప్లేట్ల మీద జాయింటు పక్కనే రాసుకుంటూ వెళ్లేవారు. “ఇటు 6.” ప్లేటు తిప్పి, “అటు వద్దు.” ఇంకో చోట, “అటు 6, 50 కొట్టి 100 వదులు.” వెల్డర్ వచ్చేసరికి డ్రాయింగ్ మడిచి పక్కన పెట్టేసి ఉండేది. అతను ప్లేటు చదువుకుని కొట్టేసేవాడు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మెకానికల్ డిగ్రీ, మెడలో కొత్త ఐడీ కార్డు, చేతిలో వెర్నియర్. ఆ చాక్‌పీసు రాతలు చూసి లోపల నవ్వుకునేవాణ్ణి. ఇంత చక్కటి అంతర్జాతీయ గుర్తులుండగా ఈ ఇటు, అటు ఏమిటని. కాలేజీలో మెషిన్ డ్రాయింగ్‌లో వెల్డింగ్ గుర్తులు ఒక్క పేజీ పట్టిక. పరీక్షకు ముందు రోజు రాత్రి బట్టీ కొట్టేస్తే ఐదు మార్కులు. ముక్కోణమైతే ఫిల్లెట్, అంటే రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే వెల్డ్. వీ అయితే వీ బట్, అంటే అంచులు ఏటవాలుగా కోసి ఎదురెదురుగా కలిపేది. నల్ల జెండా అయితే సైట్ వెల్డింగ్. అంతకుమించి అందులో ఏముందన్నది అప్పటి నా లెక్క.

పదకొండేళ్ల తర్వాత బల్లకి అవతలి వైపుకు మారాను. ఇప్పుడు మాదాపూర్‌లో స్టీల్ డీటెయిలింగ్ ఆఫీసులో, అంటే షాపులకు స్టీలు డ్రాయింగులు గీసిచ్చే చోట, వాటిని సరిచూసే చెకర్‌ని. రోజుకు ఎన్ని వెల్డింగ్ గుర్తులు నా కళ్ల ముందు నుంచి పోతాయో లెక్కే లేదు. వాటిలో ఆకారం తప్పుగా గీసినవి తక్కువే. సాఫ్ట్‌వేర్ అంత తేలిగ్గా తప్పు గీయనివ్వదు. నా ఫిర్యాదు వేరే. మనం గుర్తుని టార్చ్ పట్టుకున్నవాడి కోసం గీయడం మానేశాం. చెకర్ ఎర్ర పెన్ను పెట్టకూడదని, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని గీస్తున్నాం. ఆ భయం తెచ్చే నష్టం తెలియనితనం తెచ్చే నష్టం కంటే పెద్దదని నా వాదన.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. లేకపోతే మేస్త్రి గురించి రాసే హక్కు నాకు లేదు.

షాపుకి ఒక యూరప్ కస్టమర్ నుంచి మెషిన్ బేస్ పని వచ్చింది. 24 బ్రాకెట్లు. ఒక్కో బ్రాకెట్‌లో 20 మి.మీ. బేస్ ప్లేటు మీద 16 మి.మీ. ప్లేటు నిలబెట్టి ఒక్క వైపే ఫిల్లెట్ వేయాలి. రెండో వైపు ఇంకో ప్లేటు వచ్చి మూలకు అంటుకుని కూర్చుంటుంది కాబట్టి అక్కడ ఏమీ ఉండకూడదు. డ్రాయింగ్‌లో బాణం ఉంది, దానికి ఆనుకుని ఒక్కటే అడ్డగీత ఉంది, ముక్కోణం ఆ గీత పైన ఉంది. మేస్త్రి నట్లు పెట్టి చాలాసేపు చూసి నన్ను పిలిచారు.

“సార్, బాణం ఇటు చూపిస్తోంది. ముక్కోణం పైనుంది. ఎటు కొట్టమంటారు?”

“పైనుంటే బాణానికి అవతలి వైపు, మేస్త్రీ. రూలు అంతే.”

“ఈ కంపెనీ వాళ్ల పాత డ్రాయింగుల్లో గీత పక్కన ఇంకో తెగిన గీత ఉండేది సార్. ఇందులో లేదు. ఒక్కసారి అడగరాదూ?”

అడగలేదు. అడిగితే నాకు తెలియదని అందరికీ తెలిసిపోతుందని టెన్షన్. ఆయన “అటు 6” అని 24 ప్లేట్ల మీద రాశారు. వారం తర్వాత అసెంబ్లీలో రెండో ప్లేటు కూర్చోలేదు. మధ్యలో మన ఫిల్లెట్ అడ్డం. ఆర్క్ గౌజింగ్ పెట్టి తీయడం, గ్రైండింగ్, వంగిన ప్లేట్లను వేడి చేసి సరిచేయడం, మళ్లీ సరైన వైపు వెల్డింగ్. ఇద్దరు మనుషులకు మూడు రోజులు పట్టింది. టైటిల్ బ్లాక్ పక్కన చిన్న అక్షరాల్లో ఐఎస్ఓ 2553 అని, అంటే వెల్డింగ్ గుర్తుల అంతర్జాతీయ స్టాండర్డు పేరు, ఉందని నేను ఆ మూడో రోజు సాయంత్రం చూశాను.

ఇక్కడ కాస్త ఆగి అసలు సంగతి చెప్పుకోవాలి. అమెరికా వెల్డింగ్ సొసైటీ (ఏడబ్ల్యూఎస్) వాళ్ల ఏ2.4 స్టాండర్డు ప్రకారం రిఫరెన్స్ గీతకు, అంటే బాణానికి ఆనుకున్న ఆ అడ్డగీతకు, కింద ఉన్న గుర్తు బాణం వైపుది, పైన ఉన్నది అవతలి వైపుది. యూరప్‌లో ఎక్కువగా వాడే ఐఎస్ఓ 2553 ‘ఏ’ పద్ధతిలో పైనా కిందా అన్న దానికి అర్థమే లేదు. అక్కడ రెండు గీతలుంటాయి, ఒకటి నిండు గీత, ఒకటి తెగిన గీత. గుర్తు నిండు గీత మీదుంటే బాణం వైపు, తెగిన గీత మీదుంటే అవతలి వైపు. తెగిన గీతను నిండు గీతకు పైన గీసినా సరే, కింద గీసినా సరే. రెండు వైపులా ఒకేలాంటి వెల్డ్ ఉన్నప్పుడు మాత్రం తెగిన గీత అక్కర్లేదు. అంటే మా బ్రాకెట్ డ్రాయింగ్ గీసినవాడిదీ తప్పే. ఒక్క వైపు వెల్డ్‌కి తెగిన గీత గీయడం మరిచిపోయాడు. వాడు మరిచిపోయాడు, నేను అడగలేదు, మధ్యలో అడగమన్నది మేస్త్రి ఒక్కరే.

ప్రపంచం ఈ రెండు పద్ధతుల్లో ఒకదాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. అందుకే 2013లో ఐఎస్ఓ 2553 కొత్త కూర్పులో రెండింటినీ పక్కపక్కన పెట్టేశారు. తెగిన గీత పద్ధతి ‘ఏ’, ఒంటి గీత పద్ధతి ‘బీ’. కాబట్టి ఇప్పుడు డ్రాయింగ్ మీద ఉత్త ఐఎస్ఓ 2553 అని రాస్తే సగమే చెప్పినట్టు. మనకు వెల్డింగ్ గుర్తుల భారతీయ స్టాండర్డు ఐఎస్ 813 ఉంది, 1986 నాటిది. అది ఉందని తెలియకుండానే డిగ్రీ పూర్తి చేసినవాళ్లు నా బ్యాచ్‌లోనే బోలెడు మంది.

ఇంకో ముచ్చట. పాత రోజుల్లో ‘బాణం వైపు’, ‘అవతలి వైపు’ అనే మాటలు లేవు. ‘దగ్గరి వైపు’, ‘దూరపు వైపు’ అనేవారు. డ్రాయింగ్ చూసేవాడికి దగ్గరా దూరమా అని. అది ఎలివేషన్‌లో, అంటే ఎదురుగా నిలబడి చూసినట్టు గీస్తే, బాగానే ఉంటుంది. అదే జాయింటుని సెక్షన్‌లో, అంటే అడ్డంగా కోసినట్టు, చూపిస్తే రెండు వెల్డులూ కాగితం మీద పక్కపక్కనే, చూసేవాడికి సమాన దూరంలో ఉంటాయి. ఇంక దేన్ని దగ్గర అనాలి? ఆ గందరగోళం భరించలేకే చూసే కంటి నుంచి కాకుండా బాణం తాకిన చోటు నుంచి వైపు చెప్పడం మొదలుపెట్టారు. మేస్త్రి చేసిందీ అదే కదా. ప్లేటు మీద చెయ్యి పెట్టి ఇటు, అటు.

వైపు తర్వాత కొంప ముంచేది సైజు. ఫిల్లెట్ ముక్కోణం పక్కన 6 అని ఉంది. 6 ఏమిటి? అమెరికా డ్రాయింగ్ అయితే లెగ్, అంటే ప్లేటు మీద కొలిచే కాలు పొడవు. మన స్టీలు నిర్మాణాల కోడ్ ఐఎస్ 800 (2007) లో కూడా సైజు అంటే లెగ్గే. ప్లేట్ల మధ్య కోణం 60 నుంచి 90 డిగ్రీలుంటే త్రోట్, అంటే మూల నుంచి వెల్డ్ ముఖానికి అతి దగ్గరి దూరం, దానికి 0.7 రెట్లు. జర్మన్ల అలవాటు వేరు, వాళ్లు త్రోట్ రాస్తారు. అందుకే ఐఎస్ఓలో అంకె ముందు అక్షరం పెట్టమంటారు. ‘ఏ6’ అంటే త్రోట్ 6, ‘జెడ్6’ అంటే లెగ్ 6. ఆ ఒక్క అక్షరం ఎగిరిపోతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. డిజైనర్ మనసులో త్రోట్ 6 ఉండి, షాపు లెగ్ 6 కొడితే వచ్చేది 4.2 మి.మీ. త్రోట్. బలం 30 శాతం హుళక్కి. అటుదిటైతే, అంటే లెగ్ 6 సరిపోయే చోట త్రోట్ 6 కొడితే, లెగ్ 8.5 దాకా పోతుంది. వెల్డ్ అడ్డుకోత 18 చదరపు మి.మీ. ఉండాల్సింది 36 అవుతుంది. మీటరుకు సుమారు 141 గ్రాముల లోహం పోయాల్సిన చోట 283 గ్రాములు. సైజు నలభై శాతం పెరిగితే రాడ్లు, గంటలు, కరెంటు, ప్లేటు వంపు దాదాపు రెండింతలు.

అందుకే “ఎందుకైనా మంచిది, ఒక సైజు పెంచి రాసేయ్” అనే పెద్దమనుషులంటే నాకు మంట. 8 మి.మీ. దాకా ఫిల్లెట్ మామూలుగా ఒకే రన్‌లో, అంటే టార్చ్ ఒక్కసారి లాగితే, అయిపోతుంది. 10 రాశావంటే మూడు రన్నులు. మధ్యలో స్లాగ్ కొట్టాలి, బ్రష్ పెట్టాలి, మళ్లీ కొట్టాలి. నీ కీబోర్డు మీద అది ఒక్క అంకె మార్పు. షాపులో ఒక మనిషి అదనంగా అరగంట ముసుగు కింద ఉండటం. ఇక సైజు తగ్గించడం పొదుపు అనుకునేవాళ్లు ఇంకో రకం. 25 మి.మీ. ప్లేటు మీద 3 మి.మీ. ఫిల్లెట్ రాస్తారు. మందపాటి ప్లేటు ఆ కాస్త వేడిని గుటుక్కున మింగేసి వెల్డ్‌ని పగలగొడుతుంది. ఐఎస్ 800 అందుకే మందమైన ప్లేటు 20 నుంచి 32 మి.మీ. మధ్య ఉంటే కనీసం 6 ఉండాలంటుంది.

తెరపలు తెరపలుగా వేసే వెల్డ్ దగ్గర మేస్త్రి రాసిన “50 కొట్టి 100 వదులు” గుర్తుందా? ఏడబ్ల్యూఎస్‌లో అదే సంగతి 50-150 అని రాయాలి. రెండో అంకె ఒక ముక్క మధ్య నుంచి తర్వాతి ముక్క మధ్యకు దూరం. యూరప్ పద్ధతిలో బ్రాకెట్లో రాసే అంకె ముక్కల మధ్య ఖాళీ, అంటే 100. అమెరికా డ్రాయింగ్‌లోని 150ని తీసుకెళ్లి యూరప్ డ్రాయింగ్‌లో బ్రాకెట్లో పెట్టావా, మూడో వంతు పొడవునా ఉండాల్సిన వెల్డ్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఎక్కడా ఎర్ర పెన్ను పడదు, ఎందుకంటే గుర్తు చూడటానికి నిక్షేపంలా ఉంటుంది. మేస్త్రి రాత ఏ స్టాండర్డుకీ చెందదు. కానీ దాన్ని రెండు రకాలుగా చదవడం ఎవడి తరమూ కాదు.

సరే, నేను భయం అన్నది దేన్ని? బాణం మలుపు దగ్గర పెట్టే ఆ చిన్న సున్నాని. చుట్టూ వెల్డ్ చేయమని చెప్పే గుర్తు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ అది ముద్దు. ఎక్కడ ఎంత కావాలో తేల్చుకోవడం కష్టం, సున్నా పెట్టడం సులువు. ఐ సెక్షన్ కాలమ్, అంటే ఐ ఆకారపు స్తంభం, బేస్ ప్లేటు మీద నిలబడిందనుకోండి. ఐ అక్షరానికి పైనా కిందా ఉండే అడ్డపట్టీలు ఫ్లాంజిలు, మధ్య నిలువు పట్టీ వెబ్. సున్నా పెడితే వెల్డర్ ఫ్లాంజి బయట ఒక రన్ లాగి, దాని పలుచటి అంచు చుట్టూ తిరిగి, లోపలికి వచ్చి, ఫ్లాంజికీ వెబ్‌కీ మధ్య గుండ్రటి మూలలో టార్చ్ తిప్పి, వెబ్ వెంట పోవాలి. ఇలా రెండు వైపులా. ఆ అంచుల మీద, మూలల్లో పడే వెల్డ్ ఇచ్చే బలం ఏమంత ఉండదు, పట్టే శ్రమ మాత్రం బారెడు. ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికా స్టీలు సంస్థ ఏఐఎస్సీ బేస్ ప్లేట్ల మీద తెచ్చిన డిజైన్ గైడ్ 1 కూడా ఐ సెక్షన్లకు చుట్టూ గుర్తు వాడొద్దనే చెబుతుంది. ఫ్లాంజికి ఇంత, వెబ్‌కి ఇంత అని విడివిడిగా చూపిస్తే పోయేది రెండు నిమిషాలు.

అలాగని సున్నా పాపిష్టిది కాదు. గాల్వనైజింగ్‌కి, అంటే కరిగిన జింకులో ముంచడానికి, పోయే సరుకులో ప్లేట్ల సందుల్లోకి యాసిడ్ దూరకుండా చుట్టూ మూసేయడం అవసరమే. కానీ అక్కడా చెయ్యి గుడ్డిగా పోకూడదు. పైపుకి రెండు చివర్లా మూత ప్లేట్లు, రెండింటికీ చుట్టూ వెల్డ్, ఎక్కడా గాలి రంధ్రం లేదు. జింకు తొట్టి దాదాపు 450 డిగ్రీల వేడి మీదుంటుంది. లోపల చిక్కిన తేమ ఆవిరై పైపు పేలితే కరిగిన జింకు తొట్టి దగ్గరున్నవాళ్ల మీద పడుతుంది. సున్నా గీసిన మనిషి అప్పుడు ఏసీ గదిలో ఇంకో డ్రాయింగ్ మీద ఇంకో సున్నా గీస్తుంటాడు.

భయానికి రెండో పేరు టీవైపీ. టిపికల్. ఒక చోట చూపించాం, మిగతావన్నీ ఇంతే అని. మిగతావన్నీ అంటే ఏవి? షీటంతా? ఈ వ్యూలోవా? ఇలా కనిపించే స్టిఫెనర్లకా, అంటే బిగువు కోసం పెట్టే ప్లేట్లకా? రాసినవాడికీ తెలియదు, కానీ రాసేస్తే ఏదీ వదిలిపెట్టలేదన్న తృప్తి. దీని మీద ఇంతకంటే రాయను, బీపీ పెరుగుతుంది.

మనవాళ్లకు అస్సలు తట్టని సంగతి ఒకటుంది. ఈ భాషలో ఖాళీ కూడా మాటే. పొడవు రాయలేదంటే జాయింటు పొడవునా అని. జెండా లేదంటే షాపులోనే అని. గీత చివర నోట్ రాసుకునే తోక లేదంటే ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదని. ఒక్క వైపు వీ గుర్తు గీసి, లోతు గానీ వెల్డ్ సైజు గానీ రాయలేదంటే మందం మొత్తం లోపలి దాకా, ఫుల్ పెనెట్రేషన్ అని. రాయడం మరిచిపోయిన కుర్రాడికి తను ఎంత పెద్ద ఆర్డరు వేశాడో తెలియదు. 25 మి.మీ. ప్లేటుకి బెవెల్ కోయాలి, అంటే అంచుని ఏటవాలుగా కోయాలి, రూట్ అనే అడుగు రన్ వేయాలి, వెనక నుంచి గౌజ్ చేసి తవ్వాలి, అల్ట్రాసోనిక్ టెస్టు కూడా పడవచ్చు. కావాల్సింది పది మి.మీ. లోతు మాత్రమే అయితే గుర్తు పక్కన బ్రాకెట్లో పది అని రాస్తే చాలేది.

తిరగేసి చెప్పాలంటే, కావాలని వదిలిన ఖాళీ అన్నింటికంటే తెలివైన పని కావచ్చు. డిజైన్ డ్రాయింగ్ మీద తోకలో సీజేపీ (కంప్లీట్ జాయింట్ పెనెట్రేషన్, అంటే మందం మొత్తం వెల్డ్) అని ఒక్క మాట రాసి, బెవెల్ కోణం, రూట్ గ్యాప్ షాపుకి వదిలేసే ఇంజనీర్లంటే నాకు గౌరవం. తన దగ్గర ఏ మెషినుంది, ఏ ప్రొసీజర్ క్వాలిఫై అయింది, ప్లేటు తిప్పడానికి క్రేనుందా లేదా అన్నది షాపుకే తెలుసు. ఆ వివరాలు షాప్ డ్రాయింగ్‌లో రావాలి, అక్కడ మాత్రం ఏదీ వదలకూడదు. ముఖ్యంగా బాణం విరుపు. ఒక ప్లేటుకే బెవెల్ కోసే జాయింటులో బాణం గీత ఒక చోట విరిగి ఏ ప్లేటు వైపు తిరిగితే ఆ ప్లేటు కోయాలని అర్థం. బీమ్ ఫ్లాంజి కాలమ్ ఫ్లాంజికి తగిలే చోట కోయాల్సింది బీమ్‌ని. బాణం అలవాటుగా కాలమ్ మీద విరిగితే, బుద్ధి ఉన్న ఫిట్టర్ నవ్వుకుని బీమ్‌నే కోస్తాడు. అన్ని షిఫ్టుల్లోనూ బుద్ధి ఉన్న ఫిట్టరే ఉంటాడని మనకు గ్యారంటీ ఎవరిచ్చారు?

సాఫ్ట్‌వేర్ తప్పు గీయనివ్వదన్నాను, పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్ డీటెయిలర్ బతుకు విచిత్రం. పొద్దున అమెరికా జాబ్, మధ్యాహ్నం భోజనాలయ్యాక యూరప్ జాబ్. మోడల్లో వెల్డ్‌కి గీత పైన, గీత కింద అని రెండు గడులుంటాయి. బాణం వైపు వెల్డ్ ఏ గడిలో పడాలన్నది ఆ జాబ్ సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది. పాత జాబ్ ఫోల్డర్ కాపీ చేసి కొత్త జాబ్ మొదలుపెట్టామా, పాత సెట్టింగ్ కూడా చంకనెక్కి వస్తుంది. అప్పుడు తప్పయ్యేది ఒక్క గుర్తు కాదు, బిల్డింగు మొత్తం. ఇక ఆటోక్యాడ్‌లో చేత్తో గీసేవాళ్లు బాణం కుడివైపు కావాలని మిర్రర్ కొడతారు. ముక్కోణం తిరగబడి నిలువు గీత కుడికి పోతుంది. బాణం ఎటున్నా ఆ నిలువు గీత ఎప్పుడూ ఎడమ వైపే ఉండాలి, సైజు ఎడమన, పొడవు కుడిన ఉండాలి. తెలుగు ఎడమ నుంచి కుడికి చదివినట్టే. అద్దంలో పెట్టి చదవం కదా.

చిన్న వెల్డే కదా అని గుర్తు కాపీ కొట్టి అతికించేటప్పుడు నాకు ఒక దుర్ఘటన గుర్తొస్తుంది. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో, నార్వే వైపు, అలెగ్జాండర్ కీలాండ్ అనే వసతి ప్లాట్‌ఫాం తిరగబడింది. ఉన్న 212 మందిలో 123 మంది పోయారు. ఐదు కాళ్ల ప్లాట్‌ఫాం అది. ఒక కాలిని పట్టి ఉంచే బ్రేస్‌లలో ఒకటి ఫెటీగ్ పగులుతో, అంటే పదే పదే మారే భారానికి పెరిగే పగులుతో, తెగింది, ఆ భారం పడి మిగతావి తెగాయి, కాలే ఊడిపోయింది. పగులు మొదలైన చోటు చూస్తే, హైడ్రోఫోన్ అనే చిన్న పరికరాన్ని బిగించడానికి ఆ బ్రేస్‌కి అతికించిన సపోర్టు. దాని చుట్టూ 6 మి.మీ. ఫిల్లెట్. పగులు ముఖం మీద పెయింటు కనిపించిందంటే, యార్డులో రంగు వేసేనాటికే పగులు ఉందన్నమాట. అక్కడ డ్రాయింగ్ మీద గుర్తు తప్పని నేననడం లేదు. భారం మోయని ముక్క కాబట్టి దాని వెల్డ్ ఎవరి దృష్టికీ ఆనలేదన్నదే నన్ను పట్టి ఉంచే విషయం. మన దగ్గర క్రేన్ గర్డర్ కింది ఫ్లాంజికి కేబుల్ క్లీటు అతికించే గుర్తు ఎవరు గీస్తారు? ఆఫీసులో అందరికంటే జూనియర్. దేన్ని చూసి? పక్క షీటుని చూసి.

మేస్త్రి రిటైరై చాలా ఏళ్లయింది. నా టేబుల్ మీద ఇప్పుడొక చాక్‌పీసుల డబ్బా, ఒక నల్ల పలక ఉన్నాయి. ఆఫీసులో అందరూ నవ్వుతారు, నవ్వనీ. నా దగ్గర కొత్తగా చేరినవాళ్లు కష్టమైన జాయింటుకి గుర్తు పెట్టేముందు పలక మీద తెలుగులో రాయాలి. ఇటు ఎంత, అటు ఎంత, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు, షాపులోనా సైటులోనా. రాయలేకపోతే గుర్తు పెట్టొద్దు, వచ్చి అడుగు. అడిగితే తెలియదనుకుంటారని భయపడకు, ఆ భయం ఖరీదు 24 బ్రాకెట్లని నాకు తెలుసు.

మొన్నీమధ్య ఒక అమ్మాయి, చేరి మూడు నెలలు కూడా కాలేదు, పలక పట్టుకుని వచ్చింది. అమెరికా జాబ్. రెండు ఛానెళ్లు, అంటే సీ ఆకారపు స్టీలు సెక్షన్లు, ఎదురెదురుగా పెట్టి పెట్టెలా చేసిన బీమ్, లోపల స్టిఫెనర్ ప్లేటు. ఇంజనీర్ డ్రాయింగ్‌లో స్టిఫెనర్‌కి గీతకు పైనా కిందా రెండు ముక్కోణాలు. పలక మీద “ఇటు 6” అని రాసి, రెండో లైన్లో “అటు” అని రాసి ఆపేసింది.

“అటు ఎంతమ్మా?”

“అటు వెళ్లడానికి దారి లేదు సార్. రెండో ఛానెల్ మూసేశాక చెయ్యి పట్టదు. మూయకముందే కొడదామంటే ఆ ప్లేటు రెండో ఛానెల్‌కి కూడా అతకాలి. చివరి నుంచి రాడ్ పెడదామన్నా, మొత్తం రాడ్ పొడవే 350 కదా, స్టిఫెనర్ 900 లోపల ఉంది.”

నేను స్కెచ్ రెండుసార్లు చూశాను. నిజమే. ఆ డ్రాయింగ్ నా కంటి ముందు నుంచే అంతకుముందు వారం పోయింది, సంతకం కూడా పెట్టాను. ఇంజనీర్‌కి స్కెచ్ గీసి ప్రశ్న పంపించాం. ఒక వైపు సరిపోతుందా, లేక ఛానెల్‌లో స్లాట్ కోసి బయటి నుంచి కొట్టమంటారా అని. మర్నాడు పొద్దునకల్లా జవాబు వచ్చింది. లెక్క చూశాను, ‘ఫార్ సైడ్’ వెల్డ్ తీసేయండి అని. వాళ్ల స్టాండర్డు ఎప్పుడో వదిలేసిన మాట, ఇంజనీర్ నోట్లో ఇంకా ఉంది.

ఆ అమ్మాయి మోడల్లో పై ముక్కోణం తీసేసి, పలక తెచ్చి నా కీబోర్డు మీద పెట్టి టీకి వెళ్లిపోయింది. రెండో లైన్ పూర్తయి ఉంది. “అటు వద్దు.”